గూడ్సుబండి పాట ఎవరిది?

జానపదగేయానికి లక్షణం చెప్పేటప్పుడు మన గ్రంథాలు మొట్టమొదట చెప్పే మాట ఒకటి ఉన్నది: అది అజ్ఞాతకర్తృకం. ఎవరు కట్టారో తెలియదు, నోటినుండి నోటికి వచ్చింది, జాతి యావత్తూ దానికి కర్త. పండితశిక్షణ పొందిన నావంటివారికి ఈ సూత్రం కంఠోపాఠం. సూత్రం మంచిదే. అయితే “తెలియదు” అన్న మాటకు రెండర్థాలు ఉన్నవి. తెలుసుకొనడానికి వీలు లేకపోవడం ఒకటి. ఎవరూ అడగకపోవడం మరొకటి. మొదటిదానికి కాలం కారణం. రెండవదానికి మనుష్యులు కారణం. ఈ టపా రెండవదాన్ని గురించినది.

కథాస్థలం మన దేశం కాదు, అమెరికా. కర్త ఒక ఇంట వంటా, ఇస్త్రీ చేసుకొని బ్రతికిన నల్లజాతి స్త్రీ. పేరు ఎలిజబెత్ కాటన్, ఎరిగినవారికి లిబ్బా. తానే పాట కట్టి, తానే స్వరం కూర్చి, తానే గిటారు వాయిస్తూ పాడేవారిని అక్కడ ఒక పేరుతో పిలుస్తారు. మనకు ఆ పనికి ఎన్నడో కుదిరిన మాట ఉండనే ఉన్నది: వాగ్గేయకారుడు. కనుక ఈమెను వాగ్గేయకారిణి అనడానికి నాకు సంకోచం లేదు. ఈమె మొదటి రికార్డు 1958లో వెలువడింది. అప్పటికి వయస్సు అరవై దాటింది. అందులోని ప్రధానమైన పాట మాత్రం పన్నెండేళ్ళ లోపు కట్టినది. ఈ రెంటికీ నడుమ ఉన్న అర్ధశతాబ్దంలో ఆ పాట ఎక్కడ ఉన్నది, బయటకు వచ్చాక ఎవరి చేతిలో పడ్డది అన్నదే చెప్పదలచిన చరిత్ర.

ఈమె 1893లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ ప్రక్కన, నేడు కార్‌బరో అని పిలిచే చోట పుట్టింది. ఇల్లు రైలుపట్టాల దగ్గర. ఇంట్లో అందరికంటె చిన్నది కాబట్టి ముద్దుపేరుతోనే పిలిచేవారు. బడిలో చేరిన మొదటి రోజున ఉపాధ్యాయుడు పేరు అడిగితే, పిల్ల అప్పటికప్పుడు “ఎలిజబెత్” అని తానే చెప్పుకొన్నదట. ఏళ్ళ తరబడి హాజరుపట్టీ పిలిచిన వాడిని కాబట్టి ఈ ముచ్చట దగ్గర నేను కొంచెంసేపు ఆగిపోయాను. పేరు అడిగితే తల వంచుకొనే పిల్లలను చూశాను, ఇంటిపేరు మాత్రమే చెప్పే పిల్లలను చూశాను. తన పేరుకు తానే కర్త అయిన పిల్లను చూడలేదు.

ఆ చదువు ఎంతోకాలం సాగలేదు. తొమ్మిదేళ్ళ ప్రాయంలో బడి మానివేసి తెల్లవారి ఇళ్ళలో పనికి కుదిరింది. నెలకు ఒక డాలరు మించని జీతం. ఆ డబ్బు కూడబెట్టి మూడు డాలర్ల డెబ్భయి అయిదు సెంట్లకు ఒక స్టెల్లా గిటారు కొనుక్కొన్నది. నాలుగైదు నెలల జీతమన్నమాట.

అంతకుముందే అన్నగారి బాంజో మీద చేయి తిరిగింది. అన్న పనికి వెళ్ళినప్పుడు దొంగతనంగా తీసి వాయించేది. పిల్లది ఎడమచేతివాటం. వాద్యమేమో కుడిచేతివారికి తీగలు కట్టినది. ఎడమచేతివాటం వారు సాధారణంగా తీగల వరుస మార్చి కట్టుకొంటారు. ఇది అన్నగారి సొత్తు. తీగలు ముట్టుకొంటే దొరికిపోతుంది. అందువల్ల వాద్యాన్నే తలక్రిందులుగా త్రిప్పి పట్టుకొన్నది. తరువాత గిటారు కొన్నా అదే పద్ధతి నిలిచిపోయింది.

దీనివల్ల ఏమి జరుగుతుందో నాకు మొదట బోధపడలేదు. మా వీధిలో పిల్లలకు గిటారు నేర్పే అబ్బాయిని పిలిచి, వాద్యం తిరగవేసి చూపించమన్నాను. అతడు నవ్వి, రెండు నిమిషాలు ప్రయత్నించి, “మాస్టారూ, ఇది నా వల్ల కాదండీ” అని పెట్టివేశాడు. అతడు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. ఈ వాద్యంలో మామూలుగా బొటనవ్రేలు పైనున్న లావు తీగల మీద మంద్రస్వరాలను మార్చి మార్చి మోగిస్తూ తాళం నిలుపుతుంది. మిగిలిన వ్రేళ్ళు క్రిందనున్న సన్న తీగల మీద పాట వరుస పలికిస్తవి. గిటారు తలక్రిందులు కాగానే లావు తీగలు క్రిందికీ సన్న తీగలు పైకీ పోతవి. కాబట్టి ఈమెకు తాళం నిలిపే పని చూపుడువ్రేలికి పడ్డది, పాట పాడించే పని బొటనవ్రేలికి దక్కింది. బొటనవ్రేలు మొద్దు వ్రేలు. దానితో పలికిన వరుసలో గీరుకొనే గుణం తక్కువ, ఒక గుండ్రదనం ఎక్కువ. ఆ ధ్వని మరొకరికి రాలేదు.

విచిత్రమేమిటంటే నేడు ప్రపంచంలో వ్రేళ్ళతో గిటారు వాయించడం నేర్చుకొనేవారికి తొలిపాఠాల్లో ఒకటిగా చెప్పేది ఈమె కట్టిన “గూడ్సుబండి” పాటనే. అందరూ దాన్ని అద్దంలో ప్రతిబింబం లాగా, బొటనవ్రేలితో తాళం వేస్తూ నేర్చుకొంటారు. మూలం పట్టుకొన్నవారు అరుదు.

ఆ పాటను ఈమె పదకొండు, పన్నెండేళ్ళ వయస్సులో కట్టింది. ఇంటి ప్రక్కగా పోయే బండ్ల చప్పుడే దానికి ప్రేరణ. పాటలోని భావం పిల్లతనానికి పూర్తిగా చెందినది కాదు. ఎవరో ఊరు వదలి గూడ్సుబండి ఎక్కి పోతున్నారు. ఏ బండి ఎక్కినదీ ఎవరికీ చెప్పవద్దని బ్రతిమాలుతున్నారు. ఎందుకు పారిపోతున్నదీ పాట చెప్పదు. పిదప మరణం ప్రస్తావన. చనిపోయాక ఫలానా వీధి చివర పాతిపెట్టమని, అక్కడికైతే బండి పోయే చప్పుడు వినబడుతుందని. పన్నెండేళ్ళ పిల్లకు ఈ ఊహ ఎలా కలిగిందని ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ కాలపు దక్షిణాదిలో, ఆ వీధిలో, రైలు అంటే తప్పించుకొనే దారి అని పిల్లలకు కూడ తెలుసు.

తరువాతి కథ క్లుప్తం. 1910లో, పదిహేడవ ఏట పెండ్లి. ఒక కూతురు. చర్చిలోని పెద్దలు లౌకికమైన పాటలు తగవని చెప్పగా గిటారు మూలకు చేరింది. ఎప్పుడైనా చర్చిలో భక్తిగీతాలకు తీయడం తప్ప దశాబ్దాల పాటు దానితో పని లేదు. కూతురి పెండ్లి అయిన తరువాత భర్తతో విడాకులు. 1940లలో కూతురి వద్దకు వాషింగ్టన్ నగరం చేరింది. అక్కడ లాన్స్‌బర్గ్ అనే పెద్ద అంగడిలో బొమ్మలు అమ్మే కొలువు.

ఒకనాడు ఆ అంగడిలో ఒక చిన్నపిల్ల తప్పిపోయింది. లిబ్బా ఆ పిల్లను ఓదార్చి తల్లికి అప్పగించింది. తల్లి సంతోషించి, ఎన్నడైనా ఇంటిపని చేయదలచుకొంటే మా ఇంటికి రమ్మని చెప్పి వెళ్ళింది. కొంతకాలానికి లిబ్బా ఆ ఇంటికి వెళ్ళి పనికి కుదిరింది. ఇంత వరకు ఏ నగరంలోనైనా జరిగేదే. కాని ఆ ఇల్లు ఎవరిదో చూడండి. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, అమెరికాలో ఆధునిక సంగీతరచనకు పేరుగన్న విదుషీమణి. తండ్రి చార్లెస్ సీగర్, సంగీతశాస్త్రవేత్త. ప్రసిద్ధ గాయకుడు పీట్ సీగర్ చార్లెస్‌గారి మొదటి భార్య కుమారుడు. తప్పిపోయిన పిల్ల పెగ్గీ, అన్న మైక్. వీరిద్దరూ తరువాత జానపదసంగీతంలో పేరు తెచ్చుకొన్నవారే.

ఆ ఇంటి ప్రధానమైన వ్యాసంగం జానపదగేయ సేకరణ. జాన్ లోమాక్స్, అలన్ లోమాక్స్ అనే తండ్రీకొడుకులు దేశమంతా తిరిగి పల్లెల్లో, పొలాల్లో, జైళ్ళలో రికార్డు చేసి తెచ్చిన పాటలను రూత్‌గారు వినీ వినీ స్వరలిపిలో వ్రాసేవారు. 1941లో వచ్చిన వారి సంకలనానికి స్వరాలు వ్రాసినది ఆమే. ఒక్కొక్క పాటను పదుల సార్లు వినేదట. 1948లో పిల్లల కోసం తానే ఒక గొప్ప సంకలనం ప్రకటించింది. అటువంటి ఇంట్లో, నలుగురు పిల్లలూ వాద్యాలు వాయించే ఇంట్లో, గోడకు గిటారు వ్రేలాడే ఇంట్లో, వంట చేస్తున్న మనిషి దగ్గర దక్షిణదేశపు పాటల భాండాగారం ఉన్నది. ఏళ్ళు గడిచినవి. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇది ఆ కుటుంబాన్ని ఆక్షేపించడానికి చెప్పడం లేదు. వారు ఉదారులు, ఆ తరువాత ఆమెకు చేసిన ఉపకారం చిన్నది కాదు. నేను గమనించమంటున్నది ఒక అలవాటును. పాటను వెదుక్కొంటూ వెళ్ళేవాడు దూరం వెళ్తాడు. తన వంటింట్లో ఉన్నదానికి “పరిశోధన” అన్న పేరు కుదరదు. మన దగ్గర కూడ దంపుళ్ళ పాటల మీద ప్రసంగించే ఇంటి పెరట్లో రోలు దగ్గర పాడే మనిషి ఉండవచ్చు. ఆమెకు సభలో కుర్చీ వేసిన సందర్భం నేను ఎరుగను.

చివరకు ఒకనాడు పెగ్గీ వంటింటి ప్రక్క గదిలోకి వచ్చేసరికి లిబ్బా గోడమీది గిటారు తీసి వాయించుకొంటున్నది. దశాబ్దాలుగా మూలపడ్డ విద్య వ్రేళ్ళలో మెల్లగా మేలుకొన్నది. ఆనాటినుండి పిల్లలు ఇంటిపనిలో సాయం చేసి మరీ ఆమెచేత వాయింపించుకొనేవారు. గూడ్సుబండి పాట వారికి అలా వచ్చింది.

ఇక్కడినుండి కథ ఇంగ్లండుకు పోతుంది. 1956లో పెగ్గీ అక్కడికి వెళ్ళింది. అవి ఇంగ్లండులో స్కిఫిల్ అనే సంగీతం యువకులను ఊపివేస్తున్న రోజులు. గిటారు, గిలగరించే బట్టలుతికే రేకు, టీ పెట్టెకు కర్రా తాడూ కట్టిన మంద్రవాద్యం, అమెరికా పల్లెపాటలు: ఇవే దాని సరంజామా. చౌక వాద్యాలకు సరిపోయే పాటల కోసం అందరూ వెదుకుతున్నారు. పెగ్గీ పాడిన గూడ్సుబండి చెవినుండి చెవికి ప్రాకింది. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ అనే గాయని గొంతుతో ఆ పాటను రికార్డుగా విడుదల చేసింది. బ్రిటిష్ పట్టికలో అయిదవ స్థానానికి ఎక్కింది.

రికార్డు చీటీ మీద కర్తలుగా ఇద్దరు పురుషుల పేర్లు ఉన్నవి. ఎలిజబెత్ కాటన్ అన్న పేరు లేదు.

ఆ రోజు వాషింగ్టన్‌లో ఆ పాటకు కర్త ఇస్త్రీ చేస్తున్నది.

చట్టం దృష్టిలో వారి ధీమాకు ఆధారం ఏమై ఉంటుంది? మొదట చెప్పిన ఆ సూత్రమే. జానపదగేయానికి కర్త లేడు. కర్త లేనిది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని ముందుగా నమోదు చేసుకొన్నవాడిది. అజ్ఞాతకర్తృకమనే పండితమర్యాద వ్యాపారి చేతిలో పడితే ఇంత సులువుగా తిరగబడుతుంది. సీగర్ కుటుంబం పూనుకొని న్యాయవాదుల ద్వారా వ్యవహారం నడిపిన పిమ్మట లిబ్బా పేరు కర్తృత్వంలో చేరింది. కాని ఆ ఇద్దరి పేర్లు తొలగిపోలేదు. తరువాత వచ్చిన ఎన్నో రికార్డుల మీద ఆమె పేరు వారి పేర్ల ప్రక్కన ఇరుక్కొని కనబడుతుంది.

మన వాగ్గేయకారుల ముద్రలను భక్తికీ, వినయానికీ గుర్తులుగా చెప్పుకొంటాము. అన్నమయ్యకు వేంకటేశుడు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, త్యాగయ్యకు తన పేరే. అది నిజమే గాని, ముద్రకు కాపలా గుణం కూడ ఉన్నది. ముద్ర ఉన్న పదాన్ని దొంగిలించాలంటే ముందు దేవుణ్ణి పెకలించాలి. పన్నెండేళ్ళ లిబ్బాకు ముద్ర అన్నది తెలియదు. ఆమెకు ఉన్న ముద్ర ఒక్కటే, తలక్రిందుల గిటారు. అది కాగితం మీద నమోదు కాదు, ధ్వనిలోనే వినబడాలి. ఇందువల్లనే 1958 నాటి రికార్డుకు అంతటి ప్రాధాన్యం.

ఆ రికార్డు చేసినవాడు మైక్ సీగర్. అప్పటికి ఇరవై నాలుగేళ్ళ యువకుడు. 1957 చివరనా, 1958 మొదటా టేపురికార్డరు మోసుకొని లిబ్బా ఇంటికే వెళ్ళేవాడు. స్టూడియో లేదు. ఆమె పడకగదిలో, ఇంటిల్లిపాదీ సద్దు చేయకుండా కూర్చొని ఉండగా చేసిన రికార్డు అది. ప్రచురించినది ఫోక్‌వేస్. మోజెస్ ఆష్ అనే ఆయన 1948లో న్యూయార్కులో పెట్టిన చిన్న స్వతంత్రసంస్థ. అమ్మకాలతో నిమిత్తం లేకుండా రెండువేలకు పైగా రికార్డులు వెలువరించిన విడ్డూరపు మనిషి ఆయన. ప్రతి రికార్డుతో పాటు ఒక చిన్న పుస్తకం ఉండేది. ఏ పాట ఎక్కడిది, ఎవరి వద్ద నేర్చుకొన్నది అన్న వివరాలతో. ఆయన 1986లో మరణించగా మరుసటి ఏడు స్మిత్‌సోనియన్ సంస్థ ఆ భాండారాన్ని స్వీకరించింది. ఒక్క రికార్డు కూడ అందుబాటులో లేకుండా పోరాదన్నది షరతు. ఈ షరతు పుణ్యాననే నావంటివాడు కోస్తాజిల్లాలో కూర్చొని లిబ్బా పాట వినగలిగాడు.

రికార్డుకు పెట్టిన పేరు మాత్రం “గిటారుతో జానపదగేయాలు, వాద్యాలు” అనే అర్థం వచ్చేది. గమనించారా? లోపల ఆమె స్వయంగా కట్టిన పాటలు ఉన్నవి. అట్ట మీద అవి మళ్ళీ జానపదాలే. ఆదరించినవారి నోటికి కూడ ఆ మాటే ముందు వచ్చింది. ఆమె పేరు మాత్రం పైన ఉన్నది. అది పెద్ద విజయం.

పద్నాలుగు అంశాల ఈ సంపుటిలో అన్నీ సమానం కావు. భక్తిగీతాల జంట నాకు సాదాగా తోచింది. కొన్ని ముక్కలు రుచి తెలిసేలోపే అయిపోతవి. గొంతు కూడ శిక్షితమైన గొంతు కాదు. అరవై నాలుగేళ్ళ మనిషి ప్రక్కనున్న పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతున్నట్లు ఉంటుంది, అక్కడక్కడ శ్రుతి అంచు జారుతుంది. అయినా ఆ గొంతు వద్దనిపించదు. ఎవరినీ మెప్పించాలన్న తాపత్రయం అందులో లేదు.

“అబద్ధం కాదు సుమా” అనే అర్థం గల శీర్షికతో ఒక పాట ఉన్నది. గూడ్సుబండి కంటె నాకు ఇదే మిన్న. చిన్ననాడు పొరుగున ఉండే ఒకామె లేనిపోనివి తల్లికి చేరవేసి ఈ పిల్లకు శిక్ష వేయించిందట. ఆ ఉక్రోషంతో రాత్రి పడుకొని కట్టిన పాట. తిట్టలేదు, శపించలేదు, తన ఏడుపును ఒక వరుసలో పెట్టుకొన్నది. ఆ పొరుగావిడకు తనమీద పాట ఉన్నదని తెలియనే తెలియదు.

వాద్యంగా మాత్రమే వాయించిన అంశాలలో “వాస్టపోల్” అనేది ఒకటి. ఈ మాట వ్యుత్పత్తి తెలిసినప్పుడు నాలోని వైయాకరణుడు పొంగిపోయాడు. 1854, 55లలో క్రిమియా యుద్ధంలో సెవాస్టపోల్ కోట ముట్టడి జరిగింది. ఆ ఉత్సాహంలో హెన్రీ వరాల్ అనే అమెరికా గిటారు గురువు, సైనికవాద్యాల ధ్వనిని అనుకరిస్తూ ఒక రచన చేసి 1860 ప్రాంతంలో అచ్చువేశాడు. దానికోసం గిటారు తీగలను మామూలుకంటె వేరుగా శ్రుతి చేయాలి. మధ్యతరగతి ఇళ్ళ ముందుగదుల్లో ఆడపిల్లలు నేర్చుకొన్న ఆ రచన, ఆ ఇళ్ళలో పనిచేసేవారి చెవిని పడి, వారి వ్రేళ్ళలోకి దిగి, పల్లెలకు పోయింది. యుద్ధం పోయింది, కోట పోయింది, సైనికవాద్యం పోయింది. “సె” అనే తొలి అక్షరం కూడ పోయింది. మిగిలినవి ఒక శ్రుతి, ఒక వికృతిపదం. నల్లజాతి బ్లూస్ గాయకులు ఆ శ్రుతిని ఆ పేరుతోనే పిలుచుకొన్నారు. ఇదే సంపుటిలో “స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్” అని మరొకటి ఉన్నది. అదీ వరాల్ అచ్చువేసిన “స్పానిష్ ఫాన్‌డాంగో” కు తద్భవమే. చిన్నయసూరి బ్రతికి ఉంటే బాలవ్యాకరణంలో ఒక సూత్రం పెంచి ఉండేవాడనుకొంటాను.

ఇది వట్టి పదవినోదం కాదు. సంపుటిలో బ్లూస్ ఉన్నది, నాట్యాలకు వాయించే రాగ్ అనే వరుసలున్నవి, చర్చిపాట ఉన్నది, తెల్లవారి పల్లెసంగీతమని పేరుబడ్డ బాంజో పాటలున్నవి. కుక్కను పిలిచే “రాట్లర్” పాటను గ్రాండ్‌పా జోన్స్ అనే తెల్ల గాయకుడు ప్రసిద్ధం చేశాడు. అదే పాట లిబ్బా వద్దా ఉన్నది. “బాటపట్టి పోతున్నాను” అన్న పాటను ఇరుజాతులవారూ పాడుకొనేవారు. ఈమె ఇన్ని రకాలను కలిపిందని నేటి సమీక్షకులు మెచ్చుకొంటారు. కలిపినది ఆమె కాదు. విడదీసినవారు వేరే ఉన్నారు.

1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయేసరికి, ఆ జాతివారికి వేరే జాబితా పెట్టాలన్న తెలివి రికార్డు కంపెనీలకు కలిగింది. దానికి “రేస్” అని పేరు. 1923లో అట్లాంటా నగరంలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్ల వృద్ధుని పాట అమ్ముడుపోగా పల్లె తెల్లవారికి మరొక జాబితా. అది “హిల్‌బిల్లీ”, అంటే కొండమోటు అన్నంత నీచార్థం. రెండు జాబితాలను నడిపిన ముఖ్యుల్లో ఒకడు ఒకే మనిషి, రాల్ఫ్ పీర్. రాట్లర్ పాట తెల్లవాడు పాడితే ఒక జాబితా, నల్లవాడు పాడితే మరొకటి. బాంజో పూర్వికులు ఆఫ్రికానుండి బానిసలతో వచ్చినవన్న సంగతిని రెండు జాబితాలూ మరపించినవి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక “రేస్” అన్న పేరు తీసివేసి “రిథమ్ అండ్ బ్లూస్” అని మర్యాదగా మార్చింది. గోడ మాత్రం అక్కడే ఉండిపోయింది.

లిబ్బా ఈ గోడ కట్టకముందు నేర్చుకొన్నది. గోడ కడుతున్నప్పుడు చర్చి మాట విని గిటారు మానివేసింది. అందువల్ల ఆమె వ్రేళ్ళలోని సంగీతం ఏ జాబితా తాకకుండా 1957 దాకా నిలిచి ఉన్నది. చర్చి పెద్దలు చేసిన ఈ మేలు వారు ఉద్దేశించినది కాదు!

రికార్డు వచ్చాక ఆమె జీవితం ఒక్కసారిగా మారిపోలేదు. 1960లో మైక్‌తో కలిసి తొలి కచేరీ చేసింది. తరువాత న్యూపోర్టు వంటి పెద్ద ఉత్సవాల్లో పాడింది. వేదిక దిగి వచ్చి మళ్ళీ ఇంటిపనికి పోయేది. 1970 ప్రాంతం వరకు ఆ పని మానలేదు. 1967లో రెండవ సంపుటి వచ్చింది. దాని పేరుపాటను మునిమనుమలతో కూర్చొని తలా ఒక చరణం చెప్పుకొంటూ కట్టింది. రికార్డులో పాడినది పన్నెండేళ్ళ మునిమనుమరాలు. ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తాకట్టుకు పోయిన సంగతి ఆ పాట. పిల్లలు నవ్వుతూ పాడుకొనే వరుసలో పేదరికం పద్దు వ్రాసినట్లుంటుంది. ఇక్కడ కర్తృత్వం ఎవరిదని అడిగితే ఆమె ఏమనేదో గాని, పిల్లలు చెప్పిన చరణాలను పిల్లలవిగానే చెప్పుకొన్నది.

1978లో న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూస్‌కు మారింది. పాటల మీది సంపాదనతో అక్కడ సొంత ఇల్లు కొనుక్కొన్నది. 1984లో జాతీయ వారసత్వ గౌరవం, 1985లో కచేరీల సంపుటికి గ్రామీ పురస్కారం, అప్పటికి తొంభై దాటింది. 1987 జూన్ 29న మరణించింది. 2022లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో పూర్వప్రభావకుల వరుసలో చేర్చుకొన్నారు. బిరుదుల జాబితా ఇంకా ఉన్నది, వదలివేస్తున్నాను.

వినదలచిన మిత్రులకు ఒక్క మాట. 1958 సంపుటిని స్మిత్‌సోనియన్‌వారు 1989లో “గూడ్సుబండి, మరికొన్ని ఉత్తర కరోలినా జానపదగేయాలు” అనే అర్థంగల పేరుతో తిరిగి వేశారు. (ఇక్కడా జానపదమే!) నేరుగా గూడ్సుబండికి పోకండి. ముందు “వాస్టపోల్” వినండి. అందులో మాట లేదు కాబట్టి బొటనవ్రేలు చేసే పని తేటగా తెలుస్తుంది. ఆ ధ్వని చెవిలో ఉండగానే నాన్సీ విస్కీ పాడిన 1957 నాటి గూడ్సుబండి వినండి. చక్కని పాట, హుషారైన పాట, కాలితో తాళం వేయిస్తుంది. ఆ తరువాత లిబ్బా పాడినది. ఆ బండి అంత వేగంగా పోదు.